ఎస్ఎల్ఆర్ఎన్: సిగ్నల్ ఒక్క గీతే ఉన్నా బోర్డులు చదివించే పనిముట్టు

యూజ్‌నెట్ ఎప్పుడో మూతపడిందనుకునేవాళ్లు చాలామంది. పడలేదు. 1979లో డ్యూక్ యూనివర్సిటీలో చదువుకుంటున్న టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకు తట్టిన ఈ ఎలక్ట్రానిక్ నోటీసు బోర్డులు ఇవాళ్టికీ నడుస్తున్నాయి. 2024 ఫిబ్రవరి 22న గూగుల్ గ్రూప్స్ వీటితో రాకపోకలు బంద్ పెట్టింది. ఆ దారిన వచ్చిపడే చెత్త ప్రకటనలకు అక్కడితో అడ్డుకట్ట పడింది. సీ భాష, ఫోర్త్, రాస్ప్‌బెర్రీ పై లాంటి గ్రూపుల్లో పాతకాపులు ఇంకా ఓపికగా జవాబులు రాస్తున్నారు. ఆ బోర్డులను టెర్మినల్‌లోంచి, అంటే ఆదేశాలు టైపు చేసే అక్షరాల తెర మీద, చూసి, చదివి, అవతల పెట్టే పనిముట్లు నాలుగైదు ఉన్నాయి. వాటిలో మేము ముందు వరుసలో పెట్టేది ఎస్ఎల్ఆర్ఎన్. ఒక్క పనికి మాత్రం టిన్ అనే ఇంకో పనిముట్టు దీన్ని మించింది. ఆ సంగతి చివర్లో.

ఒక మనవి. ఆదేశాలు, మీటలు ఇక్కడ పలికే తీరులోనే రాశాం, మీరు కొట్టాల్సింది ఇంగ్లీషు అక్షరాలే. సెట్టింగుల పేర్లలో రెండు మాటల మధ్య ఖాళీ కనిపిస్తే అక్కడ అండర్‌స్కోరు ఉందనుకోండి. 'సెట్' తర్వాతా, చివరి విలువ ముందూ మాత్రం మామూలు ఖాళీనే. ఈ పనిముట్టుకు చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. చిన్న 'సి' కొడితే గ్రూపు మొత్తం చదివేసినట్టు లెక్క, పెద్ద 'సి' కొడితే మీరున్న వరుస దాకానే. క్యాప్స్ లాక్ వెలిగి ఉండగా దీన్ని ముట్టుకోవద్దు.

నల్లగొండ టౌన్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్నవాళ్లకు ఏ పనిముట్టైనా ఒకటే. చందంపేట దిక్కు తండాల్లోనో, అచ్చంపేట దాటి మన్ననూరు మీదుగా శ్రీశైలం రోడ్డులోనో ఫోన్ హాట్‌స్పాట్‌తో పని చేసేవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. బోర్డులో కొత్తగా ఏముందో చెప్పడానికి సర్వర్ పంపేది పోస్టుకు ఒక్క వరుస: శీర్షిక, రాసినవాళ్ల పేరు, తేదీ, ఏ పోస్టుకు జవాబో ఆ గుర్తు, ఎన్ని బైట్లు, ఎన్ని వరుసలు. అంతా కలిపి అర కేబీకి అటూ ఇటూ. వంద కొత్త పోస్టుల పట్టిక 50 కేబీలో వచ్చేస్తుంది. వాటిలో మీరు తెరిచిన పోస్టు ఒళ్లు, అంటే అసలు రాత, మాత్రమే తర్వాత దిగుతుంది. మామూలు పోస్టు రెండు మూడు కేబీలు దాటదు. బొమ్మల్లేవు, స్క్రిప్టుల్లేవు. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌కు గానీ, డిగ్రీ కాలేజీ ల్యాబులో మూలకు పడేసిన డబ్బాకు గానీ ఇది బరువే కాదు.

పనిముట్టు 1994 నాటిది. రాసింది జాన్ ఈ. డేవిస్, ఆయనే రాసిన ఎస్-లాంగ్ లైబ్రరీ మీద నడుస్తుంది. జీపీఎల్ లైసెన్సు, పైసా ఖర్చు లేదు. డెబియన్, ఉబుంటుల్లో 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఎస్ఎల్ఆర్ఎన్' అంటే చాలు. ఎక్కించాక హైఫన్ హైఫన్ వెర్షన్ ఇచ్చి, వచ్చే జాబితాలో ఎస్ఎస్ఎల్ ముందు ప్లస్ ఉందో మైనస్ ఉందో చూసుకోండి. మైనస్ ఉంటే ఎన్‌క్రిప్షన్ లేదని అర్థం, పాస్‌వర్డ్ బట్టబయలుగా వెళ్తుంది.

సర్వర్ మాత్రం మీరే వెతుక్కోవాలి. మన దగ్గర ఇంటి కనెక్షన్ ఇచ్చేవాళ్లెవరూ న్యూస్ సర్వర్ కూడా ఇస్తారని ఆశపడొద్దు. రాతపూర్వక గ్రూపులకు ఎటర్నల్ సెప్టెంబర్ అనే సర్వర్ ఉచితం, ఈమెయిల్‌తో నమోదు చేసుకుంటే యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తారు. సినిమాలు, పెద్ద ఫైళ్లు అక్కడ దొరకవు, అదే మంచిది.

ఇక సెట్టింగుల ఫైలు. హోమ్ డైరెక్టరీలో డాట్‌తో మొదలయ్యే ఎస్ఎల్ఆర్ఎన్ ఆర్‌సీ. అందులో ఇవి ఉంటే బండి కదులుతుంది: 'సర్వర్' వరుసలో సర్వర్ పేరు, దానికి తగిలించిన న్యూస్‌ఆర్‌సీ ఫైలు (మీ చందాలు, చదివేసిన పోస్టుల లెక్క ఉండేది) పేరు. 'ఎన్ఎన్ఆర్‌పీయాక్సెస్' వరుసలో సర్వర్, యూజర్, పాస్‌వర్డ్ మూడూ కొటేషన్లలో. 'సెట్ ఫోర్స్ అథెంటికేషన్ 1'. 'సెట్ ఎడిటర్ కమాండ్' దగ్గర మీకు చేయి తిరిగిన ఎడిటర్. మూడోది చాలామంది వదిలేస్తారు. కొన్ని సర్వర్లు పాస్‌వర్డ్ అడక్కుండానే లోపలికి రానిస్తాయి, కానీ సగం గ్రూపులు దాచిపెడతాయి. ఫలానా గ్రూపు లేదేంటని లొల్లి పెట్టేముందు ఈ వరుస ఉందో లేదో చూడండి. పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఆ ఫైలులో ఉంటుంది కాబట్టి మీరు తప్ప ఇంకెవరూ దాన్ని తెరవకుండా 'సీహెచ్‌మాడ్ 600' తప్పనిసరి. ల్యాబులో నలుగురూ వాడే సిస్టమ్ అయితే మరీను. సర్వర్ పేరు ముందు 'ఎస్ఎన్ఎన్‌టీపీ' అని, దాని వెంట కోలన్, రెండు వాలు గీతలు (://) చేరిస్తే 119 బదులు 563 పోర్టు మీద ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తుంది.

మొదటిసారి మాత్రం హైఫన్ ఎఫ్ తర్వాత న్యూస్‌ఆర్‌సీ ఫైలు పేరు, దాని పక్కన హైఫన్ హైఫన్ క్రియేట్ ఇచ్చి నడపాలి. సర్వర్‌లో ఉన్న గ్రూపుల పేర్లన్నీ అప్పుడు దిగుతాయి, వేలల్లో ఉంటాయి. ఈ పని మంచి సిగ్నల్ ఉన్నచోట, నల్లగొండలోనో పాలమూరులోనో ఉన్నప్పుడు ముగించుకుని ఊరికి వెళ్లండి. తర్వాత పెద్ద 'ఎల్' కొడితే ఏ పేరుతో వెతకాలో అడుగుతుంది. కాంప్*లైనక్స్* లాంటి నమూనా ఇస్తే సరిపోయినవన్నీ వరుసగా వస్తాయి, కావల్సినదాని మీద చిన్న 'ఎస్' కొడితే చందా కట్టినట్టే. చాలనుకున్నాక మళ్లీ పెద్ద 'ఎల్', జాబితా మూసుకుంటుంది. అన్నీ ఆశపడి యాభై గ్రూపులకు చందా కడితే ప్రతిసారీ మొదలయ్యేటప్పుడు యాభై గ్రూపుల గురించీ సర్వర్‌ను అడగాల్సి వస్తుంది. పది పన్నెండుతో మొదలుపెట్టండి. నెమ్మది కనెక్షన్ మీద 'రీడ్ యాక్టివ్' విలువ సున్నా ఉంచండి, లేకుంటే ప్రతిసారీ మొత్తం గ్రూపుల పట్టిక దించుకుంటుంది. హైఫన్ ఎన్ ఇస్తే కొత్త గ్రూపులేమైనా పుట్టాయా అన్న ఆరా కూడా మానేస్తుంది, అదీ ఆదానే.

రోజూ చదివే పద్ధతి నేర్చుకోవడానికి పావుగంట చాలు. తెరవగానే గ్రూపుల పేర్లు, ఒక్కో పేరు పక్కన చదవని పోస్టుల సంఖ్య. స్పేస్ కొడితే గ్రూపులోకి, మళ్లీ స్పేస్ కొడితే పోస్టులోకి, ఇంకా కొడుతూ పోతే పేజీ తర్వాత పేజీ. చిన్న 'ఎన్' తర్వాతి చదవని పోస్టుకు తీసుకెళ్తుంది, పెద్ద 'ఎన్' ఈ గ్రూపు వదిలేసి పక్కదానికి. పాత మాటలు నాలుగు పేజీలు ఎత్తిరాసి కింద ఒక్క ముక్క జవాబిచ్చే పెద్దమనుషులు ప్రతి గ్రూపులో ఉంటారు. పెద్ద 'టి' కొడితే ఆ ఎత్తిరాతంతా మాయం, జవాబు ముక్క మిగులుతుంది. ఎస్కేప్ కొట్టి 'పి' అంటే ఈ పోస్టు ఏ పోస్టుకు జవాబో దాన్ని తెచ్చి చూపిస్తుంది. ఎస్కేప్, 'డి' కలిపితే ఆ చర్చ మొత్తం చదివేసిన లెక్కలోకి పోతుంది. చదివేసినవి మళ్లీ కావాలంటే గ్రూపు పేరు మీద ఎస్కేప్, 1, స్పేస్. మా చేతికి ఎక్కువగా పనిచెప్పేది మాత్రం స్పేస్ ఒక్కటే. ఈ పనిముట్టు గొప్పతనమూ అందులోనే ఉంది. మండలాఫీసు నోటీసు బోర్డు మీద మేకులకు వేలాడే పాత కాగితాల కింద కొత్తది వెతుక్కున్నట్టు వెతుక్కోనక్కర్లేదు. చదివినది కళ్లముందు ఉండదు.

ఎట్లా గుర్తుంచుకుంటుందో తెలిస్తే వచ్చే ఇబ్బందులు సగం తీరిపోతాయి. న్యూస్‌ఆర్‌సీ ఫైలు తెరిచి చూడండి, ఇట్లా ఉంటుంది:

కాంప్.లాంగ్.సి: 1-3452,3460
కాంప్.లాంగ్.ఫోర్త్! 1-980

కోలన్ ఉంటే చందా ఉన్నట్టు, ఆశ్చర్యార్థకం ఉంటే లేనట్టు. పక్కన ఉన్నవి చదివేసిన పోస్టుల నంబర్లు. పై వరుస ప్రకారం 3452 దాకా అన్నీ అయిపోయాయి, తర్వాత 3460 ఒక్కటి చదివారు, నడుమ ఏడు మిగిలాయి. ఈ నంబర్లు ఆ సర్వర్ సొంత లెక్క. అదే పోస్టుకు ఇంకో సర్వర్‌లో నంబరు వేరు. సర్వర్ మార్చి పాత ఫైలే వాడితే, కొత్త సర్వర్ నంబర్లు చిన్నవైతే అన్నీ చదివేసినట్టు ఖాళీగా కనిపిస్తాయి, పెద్దవైతే ఐదేళ్ల పాత పోస్టులన్నీ కొత్తవిగా మీదపడతాయి. సర్వర్‌కో ఫైలు పెట్టుకోవాలి. 'సర్వర్' వరుసలో ఫైలు పేరు అడిగేది అందుకే.

రెండో ఇబ్బంది సంఖ్య. గ్రూపు పక్కన 40 అని ఉంటుంది, లోపలికి పోతే 31 పోస్టులే. చెడిపోయిందేమో అని కంగారు వద్దు. కావాలంటే టెల్‌నెట్‌తో నేరుగా సర్వర్ 119 పోర్టుకు వెళ్లి, 'గ్రూప్' అని రాసి గ్రూపు పేరు ఇచ్చి చూడండి. జవాబుగా 211 తర్వాత మూడు సంఖ్యలు వస్తాయి: సుమారు ఎన్ని ఉన్నాయి, అన్నిటికన్నా చిన్న నంబరు, అన్నిటికన్నా పెద్ద నంబరు. చదవనివెన్ని అన్న లెక్కను పనిముట్టు ఆ నంబర్లను బట్టి కడుతుంది. నడుమ రద్దయినవి, సర్వర్ తీసేసినవి ఖాళీలుగా మిగులుతాయి కానీ లెక్కలో ఉంటాయి. గ్రూపులోకి ఒకసారి వెళ్లొస్తే సరిపోతుంది. ఈ టెల్‌నెట్ పద్ధతి తెలిసుంటే తప్పు ఎవరిదో కూడా తేలుతుంది. 480 వస్తే పాస్‌వర్డ్ అడుగుతోందని, 481 వస్తే ఇచ్చినది తప్పని, 411 వస్తే ఆ గ్రూపు అక్కడ లేదని, 440 వస్తే అక్కడ రాయడానికి మీకు అనుమతి లేదని.

మూడోది మనకు మరీ సొంతం: కరెంటు, సిగ్నల్. చదివిన గుర్తులు బయటికి వచ్చేటప్పుడు ఫైలులోకి ఎక్కుతాయి. గంటసేపు చదివి కరెంటు పోతే, యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద ఆ గంట పోయినట్టే. గ్రూపుల తెర మీద పెద్ద 'ఎక్స్' కొడితే అప్పటికప్పుడు ఫైలు రాసేస్తుంది, గ్రూపు మారినప్పుడల్లా కొట్టడం అలవాటు చేసుకోండి. ఫోన్‌లోంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఇంటి సిస్టమ్‌లోకి వచ్చి చదివేవాళ్లు, లైన్ తెగినా పని ఆగకుండా పట్టి ఉంచే టీమక్స్ లోపల నడపాలి. బస్సు ఘాట్ ఎక్కి లైన్ తెగినా, సిగ్నల్ వచ్చాక వదిలిన పేజీ దగ్గరే ఉంటారు.

స్కోరు ఫైలు గురించి జర నిదానంగా చెప్పుకోవాలి, ఎస్ఎల్ఆర్ఎన్‌కు జనం అంటిపెట్టుకుని ఉండేది దీనికోసమే. ప్రతి పోస్టుకూ మార్కులేసే పద్ధతి ఇది. -9999కు దిగితే ఆ పోస్టు మీకు కనపడదు. చదువుతున్న పోస్టు మీద పెద్ద 'కె' కొడితే అదే అడిగి అడిగి నియమం రాస్తుంది, కానీ చేత్తో రాయడం నేర్చుకుంటే మేలు:

[కాంప్.లాంగ్.*]
స్కోర్: -9999
  సబ్జెక్ట్: ఉచిత లోన్
  ఫ్రమ్: ఫలానా పేరు

ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. స్కోర్ తర్వాత ఒక్క కోలన్ పెడితే కింద రాసిన షరతులన్నీ కలవాలి. అంటే ఆ పేరున్న మనిషి ఆ మాటతో రాసినవే పోతాయి. రెండు కోలన్లు పెడితే ఏ ఒక్కటి కలిసినా చాలు. ఒక్క చుక్కల జత తేడాతో నియమం ఉత్తదైపోవచ్చు, లేదా మంచి పోస్టులు కూడా మింగేయవచ్చు. అనుమానముంటే హైఫన్ హైఫన్ కిల్-లాగ్ అని ఇచ్చి ఒక ఫైలు పేరు చెప్పండి. చంపేసిన పోస్టులన్నీ అందులో రాసిపెడుతుంది, వారం తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. పరీక్షల సీజన్‌లోనో ఎన్నికల సీజన్‌లోనో వచ్చే రొదకు గడువు పెట్టి కూడా మూత పెట్టవచ్చు, 'ఎక్స్‌పైర్స్' వరుసతో. తేదీ దగ్గర పైలం: వాలు గీతలతో (/) రాస్తే నెల ముందు, రోజు తర్వాత. హైఫన్లతో రాస్తే మన పద్ధతే, రోజు ముందు. 05/06 అని రాస్తే అది మే 6, జూన్ 5 కాదు. ఇంకొకటి, శీర్షిక, పేరు, తేదీ లాంటి పట్టికలో వచ్చే వాటి మీదే నియమాలు రాయండి. అందులో లేని హెడర్ పేరు చెబితే దానికోసం సర్వర్‌ను విడిగా అడగాల్సి వస్తుంది, అరనిమిషంలో తెరుచుకునే గ్రూపు ఐదు నిమిషాలు తింటుంది.

పగలంతా సిగ్నల్ లేని ఊళ్లలో ఉండేవాళ్లకు ఎస్ఎల్ఆర్ఎన్‌పుల్ అనే జోడీ ప్రోగ్రామ్ ఉంది, డెబియన్‌లో విడి ప్యాకేజీ. పొద్దుగాల లైన్ బాగున్నప్పుడు చెప్పిన వేళకు పని నడిపించే క్రాన్‌తో నడిపిస్తే కావల్సినవి దించిపెడుతుంది, తర్వాత నెట్ లేకుండానే చదువుకోవచ్చు. దాని కాన్ఫ్ ఫైలులో వరుసకు మూడు ముక్కలు: గ్రూపు పేరు, గరిష్టంగా ఎన్ని పోస్టులు, ఎన్ని రోజులు ఉంచాలి. 'డిఫాల్ట్ 20 14' అంటే ఒక విడతలో 20, దాచేది 14 రోజులు. రోజుకు 60 పోస్టులు పడే గ్రూపుకు 20 అని పెడితే మిగతావి మీ దాకా రావు, తర్వాత ఎందుకు రాలేదని అడిగితే జవాబుండదు. అలాంటివాటికి విడిగా 200 అని రాయండి. నాలుగో ముక్కగా 1 పెడితే శీర్షికలే దిగుతాయి, మీరు గుర్తుపెట్టిన వాటి ఒళ్లు తర్వాతి విడతలో వస్తుంది. డేటా లెక్కపెట్టుకునేవాళ్లకు ఇదే దారి.

సొంత హోమ్‌లోనే ఒక డైరెక్టరీ చేసి హైఫన్ డి తో చూపిస్తే పర్మిషన్ల గొడవ తగ్గుతుంది. అందులో కాన్ఫ్ ఫైలు, అవుట్.గోయింగ్ అనే సబ్‌డైరెక్టరీ, ఆథ్‌ఇన్ఫో ఫైలు ముందే ఉండాలి. ఆథ్‌ఇన్ఫోలో మొదటి వరుస యూజర్ పేరు, రెండోది పాస్‌వర్డ్, ఇంకేమీ వద్దు. ఆర్‌సీ ఫైలులో 'సర్వర్ ఆబ్జెక్ట్'కు స్పూల్ అని, 'పోస్ట్ ఆబ్జెక్ట్'కు ఎస్ఎల్ఆర్ఎన్‌పుల్ అని, 'యూజ్ ఎస్ఎల్ఆర్ఎన్‌పుల్'కు 1 అని, 'స్పూల్ ఐఎన్ఎన్ రూట్'కు ఆ డైరెక్టరీ, 'స్పూల్ రూట్'కు దాని లోపలి న్యూస్ డైరెక్టరీ. మీరు రాసిన జవాబులు అవుట్.గోయింగ్‌లో ఆగి, తర్వాతి విడతలో వెళ్తాయి. రోజులు నిండినవి వాటంతట అవే పోవు, హైఫన్ హైఫన్ ఎక్స్‌పైర్‌తో వారానికోసారి విడిగా నడపాలి. మర్చిపోతే పాత ల్యాప్‌టాప్ డిస్కు నిండేదాకా తెలియదు.

ఇక తెలుగు. ఇక్కడే మార్కులు కోస్తాం. తప్పు ఎక్కువగా టెర్మినల్‌దే. టెర్మినల్ తెర గళ్ల కాగితం లాంటిది, అక్షరానికో గడి. 'స్త్రీ' మూడు హల్లులు, ఒక గుణింతం కలిసిన ఒకే ముద్ద, దానికి ఎన్ని గళ్లు ఇవ్వాలో టెర్మినల్ ఒకటి అనుకుంటుంది, ఎస్ఎల్ఆర్ఎన్ ఇంకొకటి అనుకుంటుంది. ఫలితం: వత్తులు విడిపోవడం, వరుస చివర్లు అతుక్కోవడం, పాత అక్షరాలు తెరమీద మిగిలిపోవడం. కంట్రోల్-ఎల్ కొడితే తెర మళ్లీ గీస్తుంది, కొంత నయం. కాన్‌సోల్, ఎమ్ఎల్‌టర్మ్ లాంటి టెర్మినళ్లలో తెలుగు కాస్త మర్యాదగా కనిపిస్తుంది, ఫాంటుగా నోటో గానీ లోహిత్ గానీ పెట్టండి. లొకేల్ (సిస్టమ్ భాష సెట్టింగు) యూటీఎఫ్-8 ఉండాలి, టీఈ_ఐఎన్ అయినా ఈఎన్_ఐఎన్ అయినా సరే. తెలుగులో రాసి పంపాలంటే ఆర్‌సీలో 'క్యారెక్టర్ సెట్' వరుసకు అవుట్‌గోయింగ్ యూటీఎఫ్-8 అని చెప్పుకోవాలి. ఆ సెట్టింగు పేరు ఇంగ్లీషులో పొట్టిగా 'చార్‌సెట్' అనే ఉంటుంది.

తెలుగు పేరుతో ఒక గ్రూపు ఉంది, సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. 1990ల్లో అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడ ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు, రైస్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో. అందులో చిన్న 'టి' త, పెద్ద 'టి' ట, పెద్ద 'ఎమ్' సున్న. ఆ కాలం పోస్టులు ఎక్కడైనా దొరికితే ఈ పనిముట్టులో ఏ వత్తూ చెదరకుండా చదవొచ్చు. విచిత్రమే.

టిన్ మాట. ఇది 1991 నాటిది, మెనూలు చూపిస్తూ నడిపిస్తుంది కాబట్టి కొత్తవాళ్లకు సులువు. స్కోరు పద్ధతిలో ఎస్ఎల్ఆర్ఎన్‌కు సాటిరాదని మా అభిప్రాయం. కానీ కొత్తవి వచ్చాయా లేవా అని ఊరికే చూసి చెప్పే పని టిన్‌దే. హైఫన్ ఆర్, హైఫన్ పెద్ద జెడ్ ఇచ్చి నడిపితే తెర తెరవకుండానే ఒక సంఖ్య వదిలి వెళ్తుంది: 0 అంటే కొత్తవేం లేవు, 2 అంటే ఉన్నాయి, 1 అంటే ఏదో తప్పు. బాష్ ఆర్‌సీ ఫైలు చివర దీన్ని పిలిచి, 2 వస్తే 'బోర్డులో కొత్తవి పడ్డాయి' అని ఒక వరుస ఎకో చేయిస్తే సరి, టెర్మినల్ తెరిచినప్పుడల్లా తెలుస్తుంది. 1ను కొత్తవి ఉన్నట్టు లెక్కేసే స్క్రిప్టు రాస్తే, సిగ్నల్ లేని రోజల్లా ఉత్తగనే పిలుస్తుంది. చిన్న జెడ్ అయితే కొత్తవి ఉంటేనే టిన్ తెరుచుకుంటుంది. రెండు పనిముట్లూ ఒకే సర్వర్‌కు ఒకే న్యూస్‌ఆర్‌సీ ఫైలు వాడుకోవచ్చు, హైఫన్ ఎఫ్ తో చూపిస్తే చాలు, ఒకేసారి రెండూ తెరిచి మాత్రం ఉంచొద్దు, తర్వాత మూసింది ముందుదాని గుర్తులు చెరిపేస్తుంది. టిన్ పాస్‌వర్డ్ ఉండేది డాట్ న్యూస్‌ఆథ్ అనే ఫైలులో. అందులో వరుస క్రమం సర్వర్, పాస్‌వర్డ్, యూజర్ పేరు. అందరూ యూజర్ పేరు ముందు రాసి 481 తెచ్చుకుంటారు.